బొట్టు పెట్టని ఫోటో

నందిగామలో మా పెద్దమ్మ గదిలో, మంచానికి ఎదురుగా గోడకి రెండు పెద్ద ఫోటోలు ఉన్నాయి. రెండూ మా అమ్మమ్మవే అనుకుంటారు ఇంటికొచ్చినవాళ్ళు. ఒకటి మసగ్గా ఉంటుంది. దగ్గరికెళ్తే ముఖం కూడా కనపడదు, పొగ పట్టినట్టు ఉంటుంది. రెండోది నిన్ననో మొన్ననో స్టూడియోలో కూర్చుని దిగినట్టు తళతళలాడుతూ ఉంటుంది. మసక ఫోటోకి అద్దం మీద గంధం, కుంకుమ ఉంటాయి. తళతళలాడేదానికి ఏమీ ఉండదు.

మేమంతా వెళ్ళిపోయాక ఆ గోడ ముందు నిలబడే పిల్లలు, "బాగున్న ఫోటోని వదిలేసి పాడైపోయినదానికి బొట్టు పెట్టారేంటి? ముసలాళ్ళకి కళ్ళు కనపడలేదేమో" అనుకుంటారు. కనపడలేదన్నది నిజమే. కానీ బొట్టు మాత్రం తెలిసే పెట్టారు. ఆ సంగతి చెప్పడానికి అప్పటికి ఎవరూ మిగలరు కాబట్టి ఇది రాసి పెడుతున్నాను. ఫ్రేము కింద కొన్ని మాటలు అచ్చు వేయించాం. అయినా కాగితం మీద అక్షరం ఎంతకాలం నిలుస్తుందో నాకు బాగా తెలుసు. పురుగు తిన్న పుస్తకాలు నేను చాలా చదివాను.

చదివాను అని చెప్పుకోవడం నాకు ఇష్టం. దాచుకోను. బడి చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. జగ్గయ్యపేటలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. పొద్దున కూరలు, మధ్యాహ్నం అమ్మకం, సాయంత్రం మళ్ళీ పొయ్యి. మధ్యలో గిన్నెలు కడిగి బోర్లించాక కాస్త తీరిక దొరుకుతుంది. లైబ్రరీ సాయంత్రం తలుపులు తీసే వేళకి నేను మెట్ల మీద ఉంటాను. మొదట్లో ఫ్యాను కింద కూర్చోవడానికే వెళ్ళేదాన్ని. పేపర్లు అయిపోయాయి, వారపత్రికలు అయిపోయాయి, కథలు, నవలలు అయిపోయాయి. చివరికి ఎవరూ ముట్టుకోని కింది అరల్లోని పాత కావ్యాల దగ్గరికి వచ్చాను. సగం అర్థమయ్యేది కాదు. అర్థమైన సగం కోసం వెళ్ళేదాన్ని.

అలా చదువుతుంటే ఒక పుస్తకంలో పద్యం మధ్యలో చుక్కలు వచ్చాయి. పేజీ అడుగున చిన్న అక్షరాలతో "ఇచట గ్రంథపాతము" అని ఉంది. అచ్చుతప్పేమో అనుకుని లైబ్రేరియన్ మేడమ్‌కి చూపించాను.

"తప్పు కాదమ్మా. తాటాకు అక్కడ విరిగిపోయి ఉంటుంది, లేదా పురుగు తినేసి ఉంటుంది. అక్కడ ఏముండేదో తెలియదు. అందుకని చుక్కలు పెట్టి వదిలేశారు."

"తాటాకులు చూసి పుస్తకం పరిష్కరించిన ఆయన అంత పండితుడు కదండీ, రెండు ముక్కలు తనే రాసి అతికించొచ్చుగా?"

"అతికించిన చోట్లూ ఉంటాయి. అక్కడ కుండలీకరణాల్లో పెడతారు, ఇది నేను పూరించింది అని కింద రాస్తారు. చూడు."

చూశాను. నిజంగానే ఉన్నాయి. ఆ రోజు ఇంటికెళ్తూ ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఎప్పుడో పోయిన ఒక పెద్దమనిషి, చేతిలో పద్యం రాయగలిగే సత్తా ఉండి కూడా, నా లాంటి దానికి ఇది అసలు, ఇది నా అతుకు అని విడదీసి చెప్పిపోయాడు. నన్నంతగా లెక్కచేసినవాళ్ళు నాకు అంతకుముందు తగల్లేదు.

ఇక పెద్దమ్మ సంగతి. ఆవిడ మా అమ్మకి అక్క. వాళ్ళమ్మ, అంటే మా అమ్మమ్మ, మా అమ్మని కంటూనే పోయింది. పెద్దమ్మకి అప్పటికి ఊహ తెలియదు. ఇద్దరినీ వాళ్ళ నాయనమ్మ పెంచింది. మా అమ్మ కూడా కొన్నేళ్ళ క్రితం వెళ్ళిపోయింది. పెద్దమ్మ ఇప్పుడు కూతురి దగ్గర ఉంటుంది. ఆ కూతురే మా అక్క.

పెద్దమ్మ కంటినరం దెబ్బతింది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోవాలని విజయవాడలో డాక్టరు చెప్పాడు. చుక్కల మందు వేసుకుంటూ, "ఇంట్లోంచి ఒక్కొక్కళ్ళే లేచి వెళ్ళినట్టు నా చూపు వెళ్ళిపోతోందే, చెప్పైనా వెళ్ళదు" అంటుంది. ఆవిడ ఏదీ ఏడుస్తూ చెప్పదు. కానీ ఆ మధ్య ఒకసారి నేను వెళ్ళినప్పుడు, అక్క వంటింట్లో ఉండగా నా చెయ్యి పట్టుకుని అంది: "ఈ కాస్తా పోకముందు మా అమ్మని ఒకసారి చూడాలని ఉందే."

మాకున్నది ఒకే ఒక్క ఫోటో. చెవిటికల్లులో ఎవరిదో పెళ్ళిలో పందిరి ముందు తీసిన గుంపు ఫోటో. అందులో అమ్మమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఒళ్ళో పెద్దమ్మ. అమ్మమ్మ ముఖం కందిపప్పు బద్దంత.

ఆ ఫోటోకి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అది ఇంకెక్కడా చూడలేదు. ఫోటోలో ఉన్నవాళ్ళలో ఎవరు పోయినా, పెద్దకర్మ అయ్యాక అద్దం మీద వాళ్ళ నుదుటి దగ్గర గంధం పెట్టి కుంకుమ అద్దుతారు. ముఖాలు చిన్నవి కాబట్టి అగరుపుల్ల కొసతో పెట్టాలి. మొట్టమొదటి బొట్టు అమ్మమ్మది. తర్వాత ఒక్కొక్కటే పెరుగుతూ వచ్చాయి. ఇప్పుడు ఆ ఫోటోలో బొట్టు లేనిది ఒళ్ళో ఉన్న పసిపిల్ల ఒక్కతే. "అందరికీ భోజనాలు అయ్యాయి, నా విస్తరి ఇంకా వెయ్యలేదు" అని నవ్వుతుంది పెద్దమ్మ.

అమ్మమ్మ గురించి పెద్దమ్మకి తెలిసిన కథ కూడా ఒకటే. నాయనమ్మ చెప్పింది. చంకలో ఉన్న పెద్దమ్మ ఒక రోజు వాళ్ళమ్మ చెవి జూకా పట్టుకుని లాగేసిందట. చెవి తమ్మె తెగిపోయిందట. రక్తం కారుతున్నా, నొప్పికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ కూడా అమ్మమ్మ పిల్లని కిందికి దించలేదట. జూకా పెద్దమ్మ పిడికిట్లోనే ఉండిపోయిందట. "ఫోటోలో ఒళ్ళో కూర్చోబెట్టుకుంది అంటే, అది ఫోటో కోసం. ఈ చెవి సంగతి అలా కాదు. మా అమ్మ నన్ను ఎత్తుకుని తిరిగిందనడానికి నాకు అదొక్కటే సాక్ష్యం" అంటుంది.

పెద్దమ్మ కోరిక అక్కకి చెప్పాను. అక్క ఊరుకునే మనిషి కాదు. మర్నాడే ఆ గుంపు ఫోటోని ఫోన్‌తో తీసి, అమ్మమ్మ ముఖం వరకు కత్తిరించి, పాత ఫోటోలు బాగుచేసే ఏఐ యాప్‌లో పెట్టింది. నాకు ఫోన్ చేసి, "చూసావా? గ్రూపులో పెట్టా చూడు. అమ్మమ్మ వచ్చేసిందే!" అంది.

నేను పోపు మాడ్చుకుంటూ చూశాను. నిజంగానే ఒక ముఖం వచ్చింది. కనుబొమలు, పెదాలు, ముక్కుపుడక అన్నీ స్పష్టంగా. కుటుంబం గ్రూపులో దండాల బొమ్మలు, పూల బొమ్మలు. "మన పోలికలన్నీ అమ్మమ్మవే" అని ఒకరు, "మా పాప కళ్ళు అచ్చం ఇవే" అని ఒకరు. సాయంత్రానికి ఒకరిద్దరు డీపీగా కూడా పెట్టేసుకున్నారు. నాకూ సంతోషం ఆగలేదు. ఎప్పుడూ చూడని అమ్మమ్మ కదా.

పెద్దమ్మకి మాత్రం ఫోన్‌లో వెలుగు తప్ప ఏమీ కనపడలేదు. "గోడకి పెట్టేంత పెద్దగా కట్టించండే. అమ్మ తిథి వస్తోందిగా, ఆ రోజుకి చూస్తా" అంది.

అందుకని ముగ్గురం నందిగామ సెంటర్లో ఉన్న స్టూడియోకి వెళ్ళాం. ఫ్రేము తనే ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చింది పెద్దమ్మ, ఎవరికీ ఇవ్వలేదు. స్టూడియో నడిపే తమ్ముడు పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తాడు, నిదానస్తుడు. ఫ్రేము వెనక మేకులు వదులుచేసి చూసి, మళ్ళీ బిగించేశాడు.

"ఇది అద్దానికి అతుక్కుపోయిందక్కా. లాగితే ముఖాలన్నీ అద్దంతో పాటే వచ్చేస్తాయి. పైనుంచే తీస్తా. ఈ మరకలొకటి తుడవాలి."

"మరకలు కాదు తమ్ముడూ, బొట్లు" అన్నాను.

అతను గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆపేశాడు. పెద్దమ్మ వైపు చూశాడు.

"తుడువు నాయనా, ఫర్లేదు. కాసేపు అందరూ బతికొస్తారు" అంది పెద్దమ్మ.

ఫోటో తీసి కంప్యూటర్‌లో పెట్టి అమ్మమ్మ ముఖాన్ని పెద్దది చేశాడు. పెద్దది చేసినకొద్దీ ముఖం పోయి గళ్ళు వచ్చాయి. నలుపు, బూడిదరంగు, తెలుపు గళ్ళు.

"నీ కెమెరా మంచిది కాదా?" అంది అక్క.

"కెమెరా మంచిదే అక్కా. ఫోటోలో ఉన్నంతే కెమెరాలోకి వస్తుంది. ఈ ముఖానికి ఆ రోజు ఫోటోలో దొరికిన చోటే ఇంత. అంతకు మించి అందులో ఏమీ లేదు."

"మరి నా ఫోన్‌లో అంత బాగా ఎలా వచ్చింది?"

"అది గీసింది."

"గీసిందా?"

"వేల ముఖాలు చూసి ఉంటుంది కదా, ఇలాంటి మసక ఉన్నచోట మామూలుగా ఎలాంటి కన్ను ఉంటుందో అలాంటి కన్ను పెడుతుంది. ఫోన్‌లో ఊరికే ఇచ్చే సైజు ఫోన్‌లో చూసుకోడానికే. గోడకి సరిపోదు. నా దగ్గర ఉన్న ప్రోగ్రాం ఇంకా పెద్దది ఇస్తుంది. దానికీ ఒక హద్దుంది అనుకోండి. కానీ ఎంత పెద్దది అడిగితే అంత ఎక్కువ గీస్తుంది."

నాకు ఒక్కసారిగా అర్థమైంది. పప్పు తక్కువై జనం ఎక్కువైన రోజు సాంబారులో నీళ్ళు పోసి, చిక్కదనం కోసం శనగపిండి కలుపుతాం. గరిటె ముంచితే చిక్కగానే ఉంటుంది. తినేవాళ్ళు బాగుందనే అంటారు. కానీ అందులో పప్పు ఎంతో వండినదానికి తెలుసు. అదే మాట చెబితే తమ్ముడు పెద్దగా నవ్వాడు. "ఇకనుంచి కస్టమర్లకి ఇదే చెప్తా అక్కా" అన్నాడు.

చేయమన్నాం. చేశాడు. ముఖం వచ్చింది. ఫోన్‌లోదానికంటే ఇంకా స్పష్టంగా, వెంట్రుకలు విడివిడిగా కనిపించేలా. చాలా అందంగా ఉంది. కింద కుడివైపు మూలన చిన్న గుర్తు, ఇది ఏఐతో చేసింది అని.

"అది కత్తిరించేస్తాలెండి" అన్నాడు తమ్ముడు. "అందరూ అదే ముందు తీసెయ్యమంటారు. ఫైలు లోపల కూడా ఇలాంటి గుర్తు ఉంటుంది, వాట్సాప్‌లో పంపితే చాలావరకు అదే పోతుంది."

"ఉంచు, తర్వాత చూద్దాం" అన్నాను. అప్పటికి నాకు కారణం ఏమీ లేదు. పుస్తకం అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద ఉన్న ప్రేమ, అంతే.

మచ్చుకి ఒక ప్రింటు తీసి పెద్దమ్మ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ, ఒక మూల నుంచి ఇంకో మూలకి వెతుకుతున్నట్టు చూసింది.

"ముక్కు బాగుంది. నవ్వుతోందా?"

"కొంచెం నవ్వుతోంది పెద్దమ్మా."

"ఏ చెవి తెగింది?"

నేనూ అక్కా ప్రింటు మీదికి వంగి చూశాం. రెండు చెవులకీ రెండు జూకాలు చక్కగా వేలాడుతున్నాయి.

"రెండూ బాగానే ఉన్నాయి."

పెద్దమ్మ ప్రింటుని ఒళ్ళో పెట్టుకుంది. "అయితే ఈవిడ నన్నింకా ఎత్తుకోలేదన్నమాట" అంది.

తమ్ముడికి చెవి సంగతి చెప్పాం. అతను పాపం గబగబా, "అది చెబితే తెగ్గొడుతుంది పెద్దమ్మగారూ. ఏ చెవో చెప్పండి చాలు" అన్నాడు.

ఏ చెవి? నాయనమ్మ చెప్పలేదు, పెద్దమ్మ అడగలేదు. ఆవిడ స్టూలు మీంచి లేచి, నా చేతిసంచీ తీసుకుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎడమ చంకన పెట్టుకుంది. కుడి చేత్తో గాలిలో కూర కలిపింది. సంచీ వైపు తల తిప్పి, ఎడమ చెవి తడిమి చూసుకుంది.

"ఎడమది. కుడిచెయ్యి పనికి కావాలిగా. ఎవరైనా ఎడమ పక్కనే ఎత్తుకుంటారు."

"అమ్మా, నువ్వు పోలీసుల్లో ఉండాల్సిందే" అంది అక్క.

తమ్ముడు ఆ మాట కంప్యూటర్‌లో రాశాడు. మొదటిసారి ఆ ప్రోగ్రాం జూకాలు రెండూ తీసేసింది. రెండోసారి చెవికి కట్టు కట్టింది. "ఆసుపత్రికి కూడా అదే తీసుకెళ్ళినట్టుంది" అని పెద్దమ్మే నవ్వింది. తర్వాత ఎలాగో తమ్మె చీలినట్టు చేసింది. నిజంగా అలాగే ఉంటుంది తెగిన చెవి, నేను మా వీధిలో ముసలమ్మలకి చూశాను.

నాకు ఒక అనుమానం వచ్చింది. "తమ్ముడూ, అసలు ఫోటోలో ఎడమ చెవి ఎక్కడుంది? చూపించు."

అతను గుంపు ఫోటోకి వెళ్ళి పెద్దది చేశాడు. అమ్మమ్మకి ఎడమ పక్కన కూర్చున్నావిడ ఇటు ఒరిగి ఉంది. ఆవిడ తల అమ్మమ్మ చెవికి అడ్డం వచ్చేసింది. అక్కడ చెవే లేదు. మసగ్గా కూడా లేదు.

ఆ మాట పెద్దమ్మకి చెప్పాను. దాచడం నావల్ల కాలేదు.

"మరి ఇది ఎవరి చెవి?" అంది.

ఆవిడ కోపంగా ఏమీ లేదు. ఫ్రేము ఇమ్మని చేతులు చాపింది. "ఇంటికి పోదాం పదండే. నాకు కనపడాలని ఇంకొకరిని తెచ్చి కూర్చోబెట్టకండి. చూపు పోయేలోపు అమ్మని చూడాలన్నా గానీ, ఎవర్నో చూసి అమ్మ అనుకుంటూ పోవాలనలేదు."

తిరుగు బస్సులో చిల్లకల్లు దాటేదాకా నాకు అదే మాట. పెద్దమ్మకి చిన్నది కనపడదు, పెద్దది కావాలి. ఫోటోలో పెద్దదానికి సరిపడా అమ్మమ్మ లేదు. పెంచినకొద్దీ ఇంకెవరో వస్తారు. చూపు ఎన్నాళ్ళు ఉంటుందో తెలియదు. ఏ వైపు నుంచి చూసినా దారి మూసుకుపోయింది.

మర్నాడు సాయంత్రం లైబ్రరీకి వెళ్ళి, చాలా ఏళ్ళ తర్వాత ఆ చుక్కల పుస్తకాన్ని మళ్ళీ తీయించాను. బైండు ఊడి ఉంది. లైబ్రేరియన్ మేడమ్ రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్నారు. ఏమిటి సంగతి అని అడిగితే ఫోటో కథంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"నువ్వే చెప్పావుగా అమ్మా, ఖాళీ వదిలేసినాయనంటే ఇష్టమని. పూరించి చెప్పినాయన కూడా మంచివాడే. నువ్వు ఒకటే ఎందుకు చేయించాలనుకుంటున్నావు?"

ఆ ఒక్క ప్రశ్న నా తలలో తలుపు తీసినట్టయింది. పుస్తకంలో రెండూ ఉన్నాయి. చుక్కలున్న చోట చుక్కలు, పూరించిన చోట పూరించినట్టు కింద రాత. అలా రెండు ఫోటోలు ఎందుకు ఉండకూడదు?

ఆ వారంలోనే కర్రీ పాయింట్ ఒక పూట మూసేసి నందిగామ వెళ్ళాను. తమ్ముడితో, "ఆ ముఖాన్ని ఏఐ లేకుండా, ఏమీ గీయకుండా, ఊరికే పెద్దది చెయ్యి" అన్నాను.

"మసక మసగ్గా వస్తుందక్కా."

"రానీ."

"గళ్ళు కనపడకుండా మెత్తగా చేస్తా, కానీ స్పష్టత రాదు. దీన్ని కట్టి ఇస్తే ఇదేం స్టూడియో అంటారు నన్ను."

"అన్నవాళ్ళని నా దగ్గరికి పంపు. ఒక పూట భోజనం పెట్టి చెప్తా."

నవ్వి, మెరుపులేని కాగితం మీద తీశాడు, వెలుతురు పడి పెద్దమ్మ కళ్ళకి అడ్డం రాకుండా. అది నాకు తోచలేదు, అతనికే తోచింది. రెండోది, తెగిన చెవి ఉన్నది, అదే సైజులో. మూలన ఉన్న గుర్తు అలాగే ఉంచాడు. దాని కింద తెల్లటి పట్టీ వదిలి నేను చెప్పినట్టు అచ్చు వేశాడు. ఆ మాటలు ఇక్కడ కూడా రాస్తున్నాను:

"ముఖం ఆకారం, ముక్కు నీడ, పాపిట: చెవిటికల్లు పెళ్ళి ఫోటోలోవి. కళ్ళు, పెదాలు, జుట్టు పోగులు, కుడి జూకా: కంప్యూటర్ ఊహించి గీసినవి. తెగిన ఎడమ చెవి: ఫోటోలో లేదు, కూతురి మాట మీద పెట్టించినది."

ఏది ఎక్కడిదో తేల్చడానికి తమ్ముడు, నేను రెండు ముఖాలనీ పక్కపక్కన పెట్టుకుని పావు పూట వాదించుకున్నాం. ముక్కుపుడక దగ్గర తెగలేదు. అసలు ఫోటోలో అక్కడ ఒక తెల్ల చుక్క ఉంది. అది పుడకో, కాగితం మీద మచ్చో ఇద్దరికీ తెలియలేదు. అందుకని ఇంకో ముక్క చేర్చాం: "ముక్కుపుడక: అనుమానం." ఆ ఒక్క మాట అచ్చులో చూసుకుని నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

తిథి రోజు పొద్దున రెండు ఫ్రేములూ గోడకి కొట్టించాం. ముందు మసక ఫోటో. నిజం చెప్పాలంటే మా కళ్ళకి అది ముఖమని చెబితే తప్ప తెలిసేది కాదు. పెద్దమ్మ మంచం మీద కూర్చుని తల కొంచెం పక్కకి తిప్పి, చూపు ఉన్న చోటికి ఫోటోని తెచ్చుకుంది. ఇంకొంచెం తిప్పింది. కదలకుండా ఉండిపోయింది.

"ఆఁ" అంది. "అదుగో."

అక్క మెల్లగా, "కనపడుతోందా అమ్మా? మసగ్గా లేదూ?" అని అడిగింది.

"మసకేంటే. నువ్వు ఎలా కనపడుతున్నావో అలాగే కనపడుతోంది. ఇదుగో, ఇది ఎలా ఉందో అలాగే ఉంది" అని నా వైపు చూపించింది. "మీరంతా నాకు ఇప్పుడు ఇలాగే ఉంటారుగా. మీ మధ్యన కూర్చున్నట్టే ఉంది మా అమ్మ."

అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చూపు పాడైన కళ్ళకి మసక ఫోటో సరిగ్గా సరిపోతుందని మాలో ఎవరికీ తట్టలేదు. పెద్దమ్మకి కావలసింది పెద్దదే గానీ స్పష్టమైనది కాదు.

కాసేపటికి అక్క గంధం గిన్నె, కుంకుమ భరిణ తెచ్చింది. పెద్దమ్మ లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళి, మసక ఫోటో నుదుట గంధం పెట్టి కుంకుమ అద్దింది. ఈసారి అగరుపుల్ల అక్కర్లేదు, ఉంగరం వేలే సరిపోయింది. తర్వాత రెండో ఫోటో దగ్గర ఆగింది. కింద రాసింది చదవమంది. చదివాను. తెగిన చెవి ఎక్కడుందో నా వేలితో చూపించమని, అక్కడ తన వేలు పెట్టి కాసేపు ఉంచింది.

"దీనిక్కూడా పెట్టేయమ్మా" అని అక్క కుంకుమ భరిణ అందించింది.

"ఈవిడకెందుకే? ఈవిడ పోలేదుగా."

"అదేంటి?"

"పుట్టనే లేదుగా" అంది పెద్దమ్మ.

మేం ముగ్గురం ఎంత నవ్వామంటే, భోజనానికి పిలిచిన పక్కింటి పెద్దావిడ, తిథి నాడు ఈ నవ్వులేంటని గుమ్మంలోనే నిలబడిపోయింది. తీసెయ్యమంటావా అని అడిగితే పెద్దమ్మ వద్దంది. "ఉండనీ. చుట్టం. నేను చెప్పిన చెవి పెట్టుకుంది పాపం."

ఆ ఫోటోని కింద రాతతో సహా తీసి అక్క గ్రూపులో పెట్టింది, ముందు పెట్టినదీ ఇలా గీసిందేనని, దాని కథ ఇదని. ఒక వరస తమ్ముడు, "ఆ రాత లేకుండా పంపక్కా, డీపీకి బాగోదు" అని అడిగాడు. చదివి వినిపిస్తే పెద్దమ్మ, "బాగోకపోతే వాళ్ళమ్మ ఫోటో పెట్టుకోమను, ఆవిడ ఫోటోకి ఏ రాతా అక్కర్లేదుగా" అంది. అక్క ఆ మాట ఉన్నదున్నట్టు పంపేసింది.

సాయంత్రం పాత గుంపు ఫోటో మా ఒళ్ళో పెట్టుకుని, స్టూడియోలో తుడిచేసిన బొట్లన్నీ మళ్ళీ పెట్టాం. అగరుపుల్ల నా చేతిలో, పేర్లు పెద్దమ్మ నోట్లో. ఎడమ నుంచి మొదలుపెట్టి ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూడకుండానే చెప్పుకుంటూ వచ్చింది, ఎవరు ఎలా పోయారో కూడా. ఒళ్ళో ఉన్న పసిపిల్ల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది.

"అక్కడ ఖాళీ ఉంచు" అంది పెద్దమ్మ. "నీ పుస్తకంలోలాగా."

ఇంతే జరిగింది. ఇందులో ఎవరి పేరూ రాయలేదు, రాస్తానంటే ఎవరూ ఒప్పుకోలేదు. అయినా ఎవరికి వాళ్ళు చదివితే తెలుస్తుంది. ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చినదాన్ని పుస్తకం దగ్గర కూర్చోబెట్టి, ఒకటే ఎందుకు అని అడిగిన లైబ్రేరియన్ మేడమ్‌కి నా దండాలు. తన పేరు పోయినా ఫర్లేదని మసక ఫోటో తీసి, మెరుపులేని కాగితం వెతికిన నందిగామ స్టూడియో తమ్ముడికి. మొదట ఉత్సాహపడి, తర్వాత అంతే ఉత్సాహంగా నిజం చాటిన మా అక్కకి. విరిగిన తాటాకు దగ్గర చుక్కలు పెట్టి ఆగిన, నాకు ముఖం తెలియని ఆ పండితుడికి. చెవిటికల్లు పందిట్లో కెమెరా పట్టినవాడికి, ఒరిగి కూర్చుని చెవికి అడ్డమొచ్చిన పక్కావిడకి కూడా, ఆవిడ ఒరగకపోతే మేం ఇంత ఆలోచించేవాళ్ళం కాదు. చెవి కథ మర్చిపోకుండా మనవరాలికి అప్పగించిన నాయనమ్మకి. చూపు తగ్గుతున్నా ఎవరిని చూస్తున్నానో తెలియాలన్న మా పెద్దమ్మకి.

చివరగా మా అమ్మమ్మకి. ఆవిడ కళ్ళు ఎలా ఉండేవో నాకు తెలియదు, ఇక తెలిసేదీ లేదు. చెవి తెగినా పిల్లని దించలేదన్నది మాత్రం తెలుసు.